లాంగ్ టర్మ్ లేని దేశంలో డాక్టరు కావడం

మా పెద్దమ్మ కొడుకు రెండేళ్ళు లాంగ్ టర్మ్ చేసి డాక్టరయ్యాడు. మొదటిసారి ఎంసెట్‌లో వచ్చిన ర్యాంకుకి మెడిసిన్ సీటు దరిదాపుల్లో కూడా లేదు. అయినా ఇంట్లో ఎవరూ "వీడికి మెరిట్ లేదు" అనలేదు. "ఒక్క ఏడాది లాంగ్ టర్మ్‌లో కూచుంటే అదే వస్తుంది" అన్నారు. పెదనాన్న విజయవాడ తీసుకెళ్ళి ఒక హాస్టల్లో దింపి వచ్చారు. ఏడాది తర్వాత ర్యాంకు మెరుగైంది గానీ సీటు రాలేదు. మళ్ళీ దింపి వచ్చారు. మూడోసారి వచ్చింది. ఇవాళ అన్నయ్య చెయ్యిపట్టి నాడి చూస్తుంటే ఎదురుగా కూచున్న పేషెంటు ఆయన మొదటి ర్యాంకెంతో అడగడు.

ఈ సంగతి నాకు చిన్నప్పట్నించీ తెలుసు. కానీ దాన్ని గురించి ఆలోచించాల్సిన అవసరం కిందటేడు డాలస్ దగ్గర ఒక మిత్రుడి ఇంట్లో వచ్చింది. శనివారం సాయంత్రం, నలుగురైదుగురు కుటుంబాలతో కలిసి భోజనాలు. ఆ ఇంటి అమ్మాయి కాలేజీలో రెండో ఏడాది, ప్రీమెడ్. అమ్మానాన్నా ఇద్దరూ డాక్టర్లే. తన రూమ్మేటుకి వేసవిలో ఆరు వారాల ప్రోగ్రామొకటి వచ్చిందనీ, హాస్టలు, భోజనం ఉచితమనీ, పైగా స్టైపెండ్ ఇస్తారనీ, తనకైతే అది రాదనీ మామూలుగా చెప్పింది. ఆమె గొంతులో ఫిర్యాదేమీ లేదు. పక్కనున్న పెద్దాయనే "ఇక్కడా మొదలైందా రిజర్వేషను!" అన్నాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

ఇంటికి వస్తుంటే దారిలో అన్నయ్య గుర్తొచ్చాడు. ఆ నవ్వు కాస్త ఇబ్బందిగా అనిపించింది. తర్వాత కొన్ని నెలలపాటు తీరిక దొరికినప్పుడల్లా ఈ ప్రోగ్రాముల చరిత్ర చదివాను. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని, వైద్యవిద్య నా రంగం కాదు. చదివిన దాంట్లో నన్ను ఆపి ఆలోచింపజేసినవి మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఇక్కడి పద్ధతి మన పద్ధతి కాదు. ఇంటర్ అయ్యాక ఒకే పరీక్ష, ఒకే ర్యాంకు, ఒకే కౌన్సెలింగ్ అనేది అమెరికాలో లేదు. నాలుగేళ్ళ డిగ్రీ చెయ్యాలి. ఆ నాలుగేళ్ళలో బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ మంచి గ్రేడ్లతో దాటాలి. ఎంక్యాట్ రాయాలి. అంతటితో అయిపోదు. ఆస్పత్రిలో ఇన్ని గంటలు పనిచేసి ఉండాలి, ఎవరో ఒక డాక్టరు వెంట తిరిగి చూసి ఉండాలి, ఒక ల్యాబులో పరిశోధన చేసి ఉండాలి, ప్రొఫెసర్లు ఉత్తరాలు రాయాలి, చివర్లో ఇంటర్వ్యూ. ఇవన్నీ ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పే కాగితం ఎక్కడా గోడకి అంటించి ఉండదు. ఇంట్లో డాక్టరున్న పిల్లకి అది భోజనాల బల్ల దగ్గర తెలుస్తుంది. లేని పిల్లకి మూడో ఏడాదిలో, ఆలస్యమయ్యాక తెలుస్తుంది. ఏఏఎంసీ అనే మెడికల్ కాలేజీల సంఘం లెక్కల ప్రకారం కొన్ని దశాబ్దాలుగా మెడికల్ విద్యార్థుల్లో దాదాపు నాలుగింట మూడొంతుల మంది ఆదాయంలో పై నలభై శాతం కుటుంబాల వాళ్ళే. అట్టడుగు ఇరవై శాతం కుటుంబాల నుంచి వచ్చేవాళ్ళు అయిదు శాతం దగ్గర.

ఈ తలుపు ఇంత ఎత్తున ఎప్పుడు కట్టారు? 1893లో జాన్స్ హాప్కిన్స్ మెడికల్ స్కూలు తెరిచినప్పుడు, చేరాలంటే ముందు డిగ్రీ ఉండాలని నిబంధన పెట్టారు. అప్పటికి అది వింత. చాలా వైద్య పాఠశాలలు ఫీజు కట్టగలిగిన ఎవర్నైనా చేర్చుకునేవి. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అనే ఆయన, వృత్తిరీత్యా బడిపంతులు, డాక్టరు కాడు, కార్నెగీ ఫౌండేషన్ తరఫున అమెరికా, కెనడాల్లోని 155 వైద్య పాఠశాలల్ని చూసి ఒక నివేదిక రాశాడు. ల్యాబులు లేవు, శవపరీక్షకి సౌకర్యం లేదు, ఇవి డబ్బు దండుకునే దుకాణాలు అని చాలావాటిని ఉతికి ఆరేశాడు. ఆధునిక వైద్యవిద్యకి పునాది ఆ నివేదికే అంటారు. అందులో అన్యాయమైన మాటలకన్నా న్యాయమైన మాటలే ఎక్కువ. దుకాణాలు మూతపడటం వల్ల రోగులకి మేలు జరిగింది కూడా.

అయితే ఆ పుస్తకంలో నల్లజాతి వైద్యవిద్య మీద రెండు పేజీలు కూడా నిండని ఒక అధ్యాయం ఉంది. అప్పటికి నల్లజాతి వాళ్ళ కోసం ఏడు వైద్య పాఠశాలలు పనిచేస్తున్నాయి. వాటిలో వాషింగ్టన్‌లోని హోవర్డ్, నాష్‌విల్‌లోని మెహారీ తప్ప మిగతావి నిలపడం దండగన్నాడు. నల్లజాతి డాక్టర్లు తమ జాతికి శుభ్రత నేర్పేవాళ్ళుగా ఉంటే చాలునని ఆయన ఉద్దేశం. నల్లవాళ్ళకి క్షయ వస్తే పొరుగునున్న తెల్లవాళ్ళకీ అంటుకుంటుంది కాబట్టి వాళ్ళ ఆరోగ్యం పట్టించుకోవాలని కూడా వాదించాడు. 1920ల మధ్యకి వచ్చేసరికి అయిదూ మూతపడ్డాయి. తెల్లవాళ్ళ స్కూళ్ళు మూతపడినా వాళ్ళు వేరే స్కూలుకి వెళ్ళగలిగారు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవాళ్ళని చేర్చుకునే స్కూలే వేరే లేదు. ఆ అయిదు స్కూళ్ళూ నడిచి ఉంటే ఈపాటికి ఎందరు డాక్టర్లు బయటికి వచ్చేవారని 2020లో కొందరు పరిశోధకులు లెక్కకట్టారు. అదనంగా సుమారు 35 వేల మంది అని తేలింది. అంచనాయే కావచ్చు, సగానికి తగ్గించుకుని చూసినా చిన్న సంఖ్య కాదు.

దక్షిణాది తలుపు మొదటిసారి తెరుచుకున్నది 1948లో. అర్కాన్సా విశ్వవిద్యాలయం మెడికల్ స్కూల్లో ఈడిత్ ఆర్బీ అనే అమ్మాయి చేరింది. ఫీజుకి చాలినంత డబ్బు లేకపోతే ఆమె ఊళ్ళో ఇరుగుపొరుగు వాళ్ళు, తోటి నల్లజాతి జనం చందాలు వేసుకుని పోగుచేశారు. చేరాక భోజనం మిగతా విద్యార్థులతో కలిసి కాదు, విడిగా. 1952లో పట్టా తీసుకుంది. తర్వాతి కాలంలో నల్లజాతి వైద్యుల జాతీయ సంఘానికి తొలి మహిళా అధ్యక్షురాలైంది. పాత్‌వే ప్రోగ్రాం అనే మాట అప్పటికి లేదు గానీ, ఆ చందా డబ్బాయే మొదటి ప్రోగ్రామని నాకనిపిస్తుంది. ఒక మనిషి ఒక్కతే ఎక్కలేని మెట్టుకి పదిమంది చెయ్యివెయ్యడమే కదా అది.

పౌరహక్కుల ఉద్యమం తర్వాత, 1960ల చివరికి కూడా దేశం మొత్తమ్మీద మెడికల్ విద్యార్థుల్లో నల్లవాళ్ళు మూడు శాతం లోపే. వాళ్ళలోనూ ఎక్కువమంది హోవర్డ్, మెహారీల్లోనే. 1969లో డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ యూనివర్సిటీ ఒక పని చేసింది. సీటుకి దగ్గరగా వచ్చి ఆగిపోయిన విద్యార్థుల్ని పిలిచి, ఒక ఏడాదిపాటు సైన్సు పాఠాలు, చదివే పద్ధతులు మళ్ళీ నేర్పి, నిలదొక్కుకున్నవాళ్ళని మెడికల్ స్కూల్లోకి తీసుకోవడం మొదలుపెట్టింది. దీన్ని పోస్ట్‌బాక్ అంటారు. ఈ తరహా ప్రోగ్రాముల్లో అదే మొదటిదని చెప్తారు. వివరాలు చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఇది లాంగ్ టర్మ్ కాకపోతే మరేమిటి? తేడా ఒక్కటే. అన్నయ్య లాంగ్ టర్మ్‌కి ఖర్చు పెదనాన్నది. ఇక్కడ ఆ బాధ్యత కాలేజీ మీద వేసుకుంది.

1970లో ఏఏఎంసీ ఒక లక్ష్యం పెట్టుకుంది: 1975కల్లా మొదటి ఏడాది విద్యార్థుల్లో మైనారిటీలు 12 శాతం ఉండాలని. కాలేజీలు తలా ఒక దారి వెతికాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ మెడికల్ స్కూలు వంద సీట్లలో 16 పక్కనపెట్టింది. ఇక్కడే ఒక ఇంజనీరు కథలోకి వస్తాడు.

ఆలన్ బాకీ మెకానికల్ ఇంజనీరు. వియత్నాంలో మెరైన్‌గా పనిచేసి వచ్చాడు, నాసాలో ఉద్యోగం. ముప్ఫై దాటాక డాక్టరు కావాలనిపించింది. 1973లో, 1974లో డేవిస్‌కి దరఖాస్తు చేశాడు, రెండుసార్లూ రాలేదు. పదహారు సీట్లలో చేరినవాళ్ళ సగటు కన్నా తన మార్కులు ఎక్కువని కోర్టుకెళ్ళాడు. 1978 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సీట్లు పక్కనపెట్టడం చెల్లదు, బాకీని చేర్చుకోవాలి, అయితే జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడొచ్చు అని. న్యాయమూర్తులు నలుగురు ఇటు, నలుగురు అటు, మధ్యలో జస్టిస్ పావెల్ ఒక్కడి అభిప్రాయం ఆ తర్వాత 45 ఏళ్ళు దేశాన్ని నడిపించింది.

ఒప్పుకోవాలి, చదువుతున్నప్పుడు నా సానుభూతి ముందు బాకీ వైపే వెళ్ళింది. ముప్ఫైల్లో ఉన్న ఇంజనీరు, ఉద్యోగం బాగానే ఉన్నా మనసు వేరే చోట ఉన్నవాడు. నాకు తెలిసిన మనిషే. పైగా ఇంజనీరింగ్ హాస్టల్లో నేను విన్న వాదన, నేను కూడా చేసిన వాదన, అచ్చం ఇదే: నాకన్నా తక్కువ ర్యాంకు వాడికి నా సీటు పోయింది. కానీ అదే తీర్పులో జస్టిస్ బ్లాక్‌మన్ రాసిన మాటలు చదివాక కాస్త ఆగాను. కాలేజీలు ఆటగాళ్ళకి, పూర్వవిద్యార్థుల పిల్లలకి, విరాళాలిచ్చే ధనవంతులకి, పేరున్నవాళ్ళ బంధువులకి ఎప్పట్నించో ప్రాధాన్యం ఇస్తూనే ఉన్నాయి గదా అని ఆయన గుర్తుచేశాడు. ఆ వరసలో ఎవరి వల్ల సీటు పోయినా బాకీ కోర్టుకి వెళ్ళేవాడా? మా హాస్టల్లో కూడా యాజమాన్యపు కోటాలో చేరిన వాళ్ళుండేవారు. వాళ్ళ ర్యాంకు ఎంతని మేమెప్పుడూ చర్చించుకోలేదు.

బాకీ తీర్పు తర్వాత అసలు ప్రశ్న కొంచెం జరిగింది. తలుపు దగ్గర ఎవరిని లోపలికి రానివ్వాలి అన్నదాని కన్నా, తలుపు దాకా ఎవరు రాగలుగుతున్నారన్నది ముందుకొచ్చింది. దానికి మంచి జవాబొకటి మెడికల్ స్కూల్లో కాదు, లెక్కల క్లాసులో దొరికింది.

1970ల్లో బర్క్‌లీలో యూరీ ట్రైస్‌మన్ అనే పరిశోధక విద్యార్థి ఒక ప్రశ్న పట్టుకున్నాడు. కాల్‌కులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు అంతమంది తప్పుతున్నారు? అధ్యాపకుల్ని అడిగితే నాలుగు కారణాలు చెప్పారు. పట్టుదల తక్కువ, హైస్కూలు చదువు బలహీనం, ఇంట్లో ప్రోత్సాహం లేదు, పేదరికం. ట్రైస్‌మన్ ఇరవైమంది నల్లజాతి విద్యార్థుల్నీ, ఇరవైమంది చైనీస్ అమెరికన్ విద్యార్థుల్నీ తీసుకుని, వాళ్ళ గదులకి వెళ్ళి, వాళ్ళు చదువుకునే తీరు దగ్గరుండి చూశాడు. నాలుగు కారణాల్లో ఏదీ నిలబడలేదు. పిల్లలు తమ బళ్ళలో మొదటి వరసవాళ్ళు. వాళ్ళని కాలేజీకి పంపాలని తల్లిదండ్రులు వాళ్ళు పుట్టకముందే అనుకున్నారు. ప్రొఫెసరు గంట పాఠానికి రెండు గంటలు చదవమంటే లెక్కపెట్టుకుని అన్ని గంటలూ చదివేవాళ్ళు, ఒంటరిగా. చైనీస్ అమెరికన్ పిల్లలు కూడా ఒంటరిగా చదివేవాళ్ళు, కానీ ఆ తర్వాత కలిసి కూచునేవాళ్ళు. వండుకుంటూ, తింటూ, ఒకరి జవాబు ఒకరు సరిచూసుకుంటూ, పాత ప్రశ్నపత్రాలు పంచుకుంటూ. ఎవరు ఎక్కడ ఉన్నారో ఎవరికి వాళ్ళకి తెలిసేది. ఒంటరిగా చదివే కుర్రాడికి తాను వెనకబడ్డానని పరీక్ష కాగితం చేతికొచ్చాకే తెలిసేది.

ట్రైస్‌మన్ 1978లో వర్క్‌షాప్ మొదలుపెట్టాడు. దానికి "వెనకబడిన వాళ్ళ కోసం" అన్న ముద్ర వెయ్యలేదు. క్లాసులో ఇచ్చే లెక్కల కన్నా కష్టమైనవి ఇచ్చి, గుంపులుగా కూచోబెట్టాడు. ఫలితాలు ఎంత మారాయంటే, ఆ పద్ధతి దేశంలో చాలా కాలేజీలకి పాకింది. నాకు ఇందులో పెద్దగా నచ్చింది ఏమిటంటే, ఆయన ముందు పిల్లల్ని చూశాడు, మందు తర్వాత రాశాడు. డాక్టర్లు కూడా అలాగే చెయ్యాలంటారు కదా.

ఇక న్యూ ఓర్లియన్స్ సంగతి. కిందటి సంవత్సరమే ఆఫీసు పని మీద ఆ ఊరు వెళ్ళినప్పుడు ఇంటర్‌స్టేట్ 10 మీంచి ఆకుపచ్చ కప్పులున్న భవనాలు కనిపించాయి. జేవియర్ యూనివర్సిటీ. కేథరిన్ డ్రెక్సెల్ అనే సన్యాసిని స్థాపించింది, 1925లో కాలేజీ అయ్యింది. చారిత్రకంగా నల్లజాతి విద్యాసంస్థల్లో ఇదొక్కటే కాథలిక్ విశ్వవిద్యాలయం. విద్యార్థులు మూడు వేల చిల్లర. డబ్బున్న కాలేజీ కాదు, పేరున్న కాలేజీ అంతకన్నా కాదు. కానీ కొన్ని దశాబ్దాలుగా మెడికల్ స్కూళ్ళలో చేరి, పట్టా పుచ్చుకుని బయటికొచ్చే నల్లజాతి విద్యార్థుల్లో ఎక్కువమంది ఏ కాలేజీ నుంచి వచ్చారని చూస్తే, హార్వర్డ్ కాదు, స్టాన్‌ఫర్డ్ కాదు, ఈ జేవియర్.

దీని వెనక ఉన్న మనుషుల్లో ఇద్దర్ని చెప్పుకోవాలి. 1968 నుంచి 2015 దాకా, నలభయ్యేడేళ్ళు, అధ్యక్షుడిగా ఉన్న నార్మన్ ఫ్రాన్సిస్. కెమిస్ట్రీ ప్రొఫెసరు, ప్రీమెడ్ సలహాదారు జె. డబ్ల్యూ. కార్మైకేల్. 1970ల్లో కార్మైకేల్ తన తోటివాళ్ళతో కలిసి చేసిన మార్పులు వింటే ఆంధ్రాలో చదువుకున్న ఎవరికైనా ఇదేం వింత అనిపిస్తుంది. ఒకే సబ్జెక్టుని అయిదుగురు చెప్తుంటే అయిదుగురూ ఒకే సిలబస్, ఒకే వరసలో చెప్పాలి. వారం వారం చిన్న పరీక్షలు. కాలేజీ సొంతంగా తయారుచేసుకున్న వర్క్‌బుక్కులు. పై ఏడాది వాళ్ళు కింది ఏడాది వాళ్ళకి ట్యూటర్లు. హైస్కూలు పిల్లలకి వేసవి శిబిరాలు. దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి, ఉత్తరాలు ఎవరి దగ్గర తీసుకోవాలి, ఎంక్యాట్ ఎప్పుడు రాయాలి, అన్నీ తారీఖులతో సహా చెప్పి వెంటపడి చేయించడం. గోడకి అంటించని కాగితం అన్నాను చూడండి, జేవియర్ దాన్ని గోడకి అంటించింది.

ఇది మన కార్పొరేట్ కాలేజీ లాంటిదే కదా అని నాకూ అనిపించింది. స్టడీ అవర్స్, వీక్లీ టెస్టులు, మెటీరియల్. కానీ ఒక దగ్గర రెండూ విడిపోతాయి. మన దగ్గర వారం పరీక్ష పెట్టేది మంచి ర్యాంకు వచ్చేవాణ్ణి పై సెక్షనుకి, రానివాణ్ణి కింది సెక్షనుకి పంపడానికి. అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాల్లో మొదటి ఏడాది కెమిస్ట్రీ కూడా జల్లెడ పట్టే క్లాసుగానే పేరుపడింది. జేవియర్‌లో ఆ పరీక్ష ఎవరు ఎక్కడ ఆగిపోయారో కనుక్కుని వెనక్కి వెళ్ళి చెప్పడానికి. పరీక్ష అదే, వాడుక వేరు. 2005లో కత్రినా తుఫానుకి క్యాంపస్ అంతా మునిగిపోయింది. 2006 జనవరికల్లా మళ్ళీ క్లాసులు మొదలుపెట్టారు. ఆ మొండితనం కూడా ఈ ఫలితాల్లో భాగమే అయివుంటుంది.

1988లో మరో రెండు మొదలయ్యాయి. ఒకటి బాల్టిమోర్ పక్కనున్న మేరీలాండ్ విశ్వవిద్యాలయపు క్యాంపస్‌లో మేయర్‌హాఫ్ స్కాలర్స్. సైన్సులో పరిశోధన వైపు వెళ్ళే పిల్లల కోసం దాన్ని నడిపించిన ఫ్రీమన్ హ్రబౌస్కీ, పన్నెండేళ్ళ వయసులో 1963 బర్మింగ్‌హామ్ పిల్లల ఊరేగింపులో నడిచి, అయిదు రోజులు జైల్లో ఉన్నవాడు. కోవిడ్ టీకా పరిశోధనలో ముందు వరసలో నిలిచిన కిజ్మేకియా కార్బెట్, అమెరికా సర్జన్ జనరల్‌గా పనిచేసిన జెరోమ్ ఆడమ్స్, ఇద్దరూ ఆ ప్రోగ్రాంలో చదువుకున్నవాళ్ళే. రెండోది రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ డబ్బుతో మొదలైన వేసవి ప్రోగ్రాం. పేర్లు చాలాసార్లు మారాయి, ఇప్పుడు దంతవైద్యం, ఫార్మసీ, నర్సింగ్ లాంటివీ చేరాయి. ఆరు వారాలు ఒక వైద్య విశ్వవిద్యాలయంలో ఉండి సైన్సు పాఠాలు వినడం, ఆస్పత్రిలో చూడటం. మా మిత్రుడి కూతురు చెప్పింది దీని గురించే అనుకుంటా. స్టైపెండ్ ఎందుకంటారా? వేసవిలో పనిచేసి ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లకి ఉచిత శిబిరం ఉచితం కాదు. ఆరు వారాల జీతం పోతుంది. ఇది లెక్కలో పెట్టినవాడెవడో పేదరికం దగ్గర్నుంచి చూసినవాడై ఉండాలి.

ఇన్ని చేశాక లెక్కలు మారాలి కదా. 1991లో ఏఏఎంసీ, హెర్బర్ట్ నికెన్స్ ఆధ్వర్యంలో, 2000 సంవత్సరానికి ఏటా మూడు వేలమంది మైనారిటీ విద్యార్థుల్ని మెడికల్ స్కూళ్ళలో చేర్చాలని కార్యక్రమం పెట్టుకుంది. సంఖ్య రెండు వేల దగ్గరికి వెళ్ళి, 1990ల మధ్య కాలిఫోర్నియా, టెక్సస్‌లలో జాతిని లెక్కలోకి తీసుకోకూడదన్న నిబంధనలు వచ్చాక వెనక్కి తగ్గింది. దీనికన్నా నన్ను కుదిపిన లెక్క 2015లో అదే సంఘం ప్రచురించింది. 1978లో, అంటే బాకీ తీర్పు వచ్చిన ఏడాది, దేశంలో మెడికల్ స్కూళ్ళకి దరఖాస్తు చేసిన నల్లజాతి మగపిల్లలు 1410 మంది, చేరినవాళ్ళు 542. 2014లో దరఖాస్తు చేసినవాళ్ళు 1337, చేరినవాళ్ళు 515. ముప్ఫయ్యారేళ్ళు గడిచాయి, మొత్తం సీట్లు పెరిగాయి, వీళ్ళ సంఖ్య తగ్గింది. నల్లజాతి అమ్మాయిల సంఖ్య పెరగబట్టి మొత్తం మీద కనబడలేదంతే.

అలాగని ప్రోగ్రాములు దండగా? జేవియర్‌ని చూస్తే కాదనే చెప్పాలి. కాకపోతే వాటికి హద్దులున్నాయి. ఆరో తరగతిలో సైన్సు టీచరు లేని బడిని ఆరు వారాల వేసవి శిబిరం బాగుచెయ్యలేదు. ఇంకో విమర్శ నాకు మరింత గట్టిగా తోస్తుంది. ఈ ప్రోగ్రాములన్నీ పిల్లల్ని తలుపుకి తగ్గట్టు తయారుచేస్తాయి, తలుపు ఇంత ఎత్తు ఎందుకని అడగవు. స్టాన్‌ఫర్డ్‌లో డోనల్డ్ బార్ అనే వైద్యుడు, ప్రొఫెసరు, 2008లో ఒక అధ్యయనం ప్రచురించాడు. డాక్టరవుదామని చేరిన మైనారిటీ విద్యార్థుల్లో మొదటి రెండేళ్ళలోనే ఆసక్తి ఎక్కువగా పడిపోతోంది, దానికి వాళ్ళు చెప్పే ముఖ్యకారణం కెమిస్ట్రీ క్లాసుల అనుభవం. ఆర్గానిక్ కెమిస్ట్రీలో తడబడినవాడు మంచి డాక్టరు కాలేడా అన్నది బార్ తర్వాత ఒక పుస్తకమంతా అడిగిన ప్రశ్న.

తలుపు మార్చిన ఉదాహరణ కూడా ఒకటుంది, అదీ డేవిస్‌లోనే. బాకీ కేసు నడిచిన ఆ స్కూలు, జాతిని చూడకూడదన్న రాష్ట్రంలోనే, దరఖాస్తుదారు ఎలాంటి ఇంటి నుంచి, ఎలాంటి ఊరి నుంచి, ఎన్ని పనులు చేసుకుంటూ చదువుకుని వచ్చాడో ఒక కొలమానంగా తయారుచేసుకుంది. మార్కుల పక్కన దాన్ని కూడా పెట్టి చూస్తుంది. ఇవాళ దేశంలో వైవిధ్యం బాగా ఉన్న మెడికల్ స్కూళ్ళలో డేవిస్ పేరు చెప్తారు.

ఇదంతా ఎందుకు, ఎవరైతేనేం, మంచి డాక్టరైతే చాలు కదా అని నాతో ఒకరు వాదించారు. ఆ వాదనలో సగం నిజముంది. మిగతా సగానికి ఓక్లండ్‌లో జరిగిన ఒక పరీక్ష జవాబు చెప్తుంది. మార్సెల్లా ఆల్సన్, ఆమె సహచరులు దాదాపు 1300 మంది నల్లజాతి మగవాళ్ళని ఒక క్లినిక్కుకి పిలిచి, కొందరికి నల్లజాతి డాక్టర్ని, కొందరికి వేరే డాక్టర్ని, లాటరీ పద్ధతిలో కేటాయించారు. మనిషిని కలవక ముందు అందరూ ఒకే రకంగా ఉన్నారు. మాట్లాడాక, నల్లజాతి డాక్టర్ని కలిసినవాళ్ళు షుగరు, కొలెస్టరాల్ పరీక్షలకి, ముఖ్యంగా వేలికి సూది గుచ్చి రక్తం తీసే పరీక్షలకి, ఎక్కువగా ఒప్పుకున్నారు. తన మాట తెలిసిన డాక్టరు ముందు మనిషి తన బాధ పూర్తిగా చెప్పుకుంటాడు. ఇది మనకి కొత్త సంగతా? ఇక్కడికి వచ్చిన మన అమ్మానాన్నలకి ఒంట్లో బాగాలేకపోతే తెలుగు డాక్టరు కోసం మనం ఎంత దూరమైనా వెతుక్కోమూ?

ఆ తెలుగు డాక్టరు ఇక్కడికెలా వచ్చాడన్నది కూడా ఈ చరిత్రలో భాగమే. 1965లో అమెరికా వలస చట్టాన్ని మార్చింది. డాక్టర్ల కొరత ఉంది, బయట తయారైన డాక్టర్లకి తలుపులు తీసింది. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ నుంచి, గుంటూరు నుంచి, ఉస్మానియా నుంచి, కాకినాడ రంగరాయ నుంచి, కర్నూలు నుంచి వందల మంది వచ్చారు. ఇవాళ ఇక్కడి డాక్టర్లలో దాదాపు నాలుగోవంతు బయటి దేశాల్లో చదివినవాళ్ళే. అమెరికన్లు వెళ్ళని పల్లెటూళ్ళకీ, పేద పేటలకీ చాలాచోట్ల వెళ్ళింది వీళ్ళే. ఆ సేవ చిన్నది కాదు. కానీ డెట్రాయిట్ పిల్లవాణ్ణి ఒక ఏడాది కూచోబెట్టి నేర్పడం కన్నా, ప్రభుత్వ ఖర్చుతో గుంటూరులో తయారైన డాక్టర్ని తెచ్చుకోవడం ఈ దేశానికి చవక అయింది. ఆ చవకలో మన మధ్యతరగతి ఎదిగింది. ఆ డాక్టర్ల పిల్లలు ఇవాళ డాలస్‌లో ప్రీమెడ్ చదువుతున్నారు. మనమేమీ దోచుకోలేదు, నిజమే. కానీ ఆ రాత్రి బల్ల దగ్గర నవ్వినవాళ్ళలో ఒక్కరం కూడా ఎవరి సాయమూ లేకుండా వచ్చినవాళ్ళం కాదు.

2023 జూన్‌లో సుప్రీంకోర్టు, హార్వర్డ్ కేసులో, పావెల్ నిలబెట్టిన ఆ కాస్త వెసులుబాటునీ తీసేసింది. 2024లో మెడికల్ స్కూళ్ళలో కొత్తగా చేరిన నల్లజాతి విద్యార్థుల సంఖ్య అంతకుముందు ఏడాదికన్నా 11 శాతానికి పైగా తగ్గిందని ఏఏఎంసీ లెక్క చెప్పింది. ఇక మిగిలింది ఈ దారులే, అంటే వేసవి శిబిరాలు, పోస్ట్‌బాక్‌లు, జేవియర్ లాంటి కాలేజీలు. ఆ జేవియర్ ఇప్పుడు ఒక స్థానిక వైద్యసంస్థతో కలిసి సొంత మెడికల్ కాలేజీ పెట్టే పనిలో ఉంది. 1911లో న్యూ ఓర్లియన్స్‌లో నల్లజాతి వాళ్ళ ఫ్లింట్ మెడికల్ కాలేజీ మూతపడింది. ఫ్లెక్స్‌నర్ అక్కర్లేదన్న అయిదింటిలో అదొకటి. ఆ ఊళ్ళోనే ఇది మళ్ళీ మొదలవుతోంది.

ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాక ఒక ఆదివారం అన్నయ్యకి ఫోన్ చేశాను. నీ లాంగ్ టర్మ్‌కి మొత్తం ఎంతయింది అని అడిగాను. ఎన్నడూ అడగని ప్రశ్న. కాసేపు ఆలోచించి "డబ్బుల్లో గుర్తులేదురా. కాలవ కింద రెండెకరాలు" అన్నాడు. తర్వాత తనే చెప్పాడు. హాస్టల్లో పక్క మంచం కుర్రాడు ప్రకాశం జిల్లా వాడట. వాళ్ళ నాన్న కూలిపని చేసేవాడు. ఆ కుర్రాడి రిజర్వేషన్ సంగతి ఎత్తి గదిలో మిగతావాళ్ళు ఏడిపించేవాళ్ళట, అన్నయ్య కూడా. మొదటి ఏడాది ఇద్దరికీ సీటు కొద్దిలో తప్పింది. అన్నయ్య రెండో ఏడాది కూచున్నాడు. ఆ కుర్రాడికి రెండో ఏడాది ఫీజు కట్టేవాళ్ళు లేరు. ట్రంకుపెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు.

"వాడికి కెమిస్ట్రీ నాకన్నా బాగా వచ్చు. నాకు డౌట్లు చెప్పేవాడు" అన్నాడు అన్నయ్య.

ఇప్పుడేం చేస్తున్నాడని అడిగాను. తెలీదన్నాడు.